ఇద్దరికీ ఒకటే రిమోట్

ఆ ఆదివారం పొద్దున పరుపులాయన వేసుకున్న లెక్క చాలా సాదాసీదాది. తొందరగా టిఫిను ముగించి, బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లి, బొమ్మ హెలికాప్టర్ రిమోట్ కొనుక్కురావాలి. పదకొండింటికి ఓనరమ్మ దుకాణం చూడటానికి వస్తుంది. ఆ లోపల తిరిగొచ్చి గల్లా వెనక బుద్ధిమంతుడిలా కూర్చోవాలి. మధ్యలో కాస్త సమయం మిగిలితే అది లాభం కింద జమ.

ఓనరమ్మ అంటే ఆ భవనం యజమానురాలు. పరుపుల దుకాణాన్ని ఆనుకుని ఉన్న పెద్ద హాలు కూడా ఆవిడదే. అందులో ఉన్న టైపు ఇన్‌స్టిట్యూటు మూతపడి హాలు ఖాళీ అయిన రోజు నుంచి పరుపులాయనకి నిద్ర లేదు, చుట్టూ అన్ని పరుపులు ఉండి కూడా. ఆయన దుకాణం పైకప్పు గోడౌనంత ఎత్తు, వెడల్పు మాత్రం రైలుపెట్టెంత. రెండు పక్కలా నడుమెత్తున పరుపుల దొంతర్లు, మధ్యలో ఒక మనిషి నడిచే దారి. ఎదురుగా ఇంకొకరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడవాలి. హాలు దొరక్కపోతే రాబోయే లారీ సరుకును నెత్తిన పెట్టుకోవాల్సిందే. వీధి చివరి కుర్చీల వ్యాపారి కూడా ఆ హాలు మీద కన్నేశాడు.

"ముందు నీ దుకాణం చూస్తాను. గోల, గందరగోళం నాకు పడవు. చూశాక చెబుతాను," అంది ఓనరమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని. పోయినేడు ఆవిడ ఇదే దుకాణంలో అన్నిటికంటే ఖరీదైన పరుపు కొన్నది. అప్పటి నుంచే ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నడుస్తోంది. ఆ రెండిటికీ సంబంధం లేదని పరుపులాయన గట్టి నమ్మకం.

ఇక హెలికాప్టర్ల సంగతి. నెల కిందట ఒక బొమ్మల దుకాణంలో జతగా కొంటే తగ్గింపు అన్నారని బావా బావమరుదులు చెరొకటి కొన్నారు. 'రిమోట్ విడిగా కొనుక్కోవాలి' అని పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్నది. తగ్గింపు సంబరంలో ఇద్దరూ చదవలేదు. నెల నుంచి అవి బీరువా మీద కూర్చుని ఉన్నాయి. ఇద్దరూ మాత్రం కంప్యూటర్ తెర మీద రాత్రీ పగలూ బొమ్మ హెలికాప్టర్లు ఎగరేసి చెయ్యి అలవాటు చేసుకున్నారు.

"తినవు, తాగవు, ఎగరవు. మీ ఇద్దరికంటే అవే నయం," అనేది పరుపులాయన భార్య, వాటి దుమ్ము దులుపుతూ.

రిమోట్లు అమ్మేవాడు బక్కపలచని మనిషి. ఓపికే పెట్టుబడిగా వ్యాపారంలోకి దిగినట్టుంటాడు.

"మంచి రిమోట్ ఒకటి చూపించు," అన్నాడు పరుపులాయన, తన హెలికాప్టర్‌ను బల్ల మీద పెట్టి.

"టీవీకి ఉండేది రిమోట్ సార్. దీన్ని ట్రాన్స్‌మిటర్ అంటారు. ఇది చూడండి, ఆరు ఛానళ్లు. ఒక్కో ఛానల్ మీద హెలికాప్టర్‌కి ఒక్కో పని చెప్పొచ్చు. లేవడం దిగడం, ముందుకీ వెనక్కీ, పక్కలకి, తోక తిప్పడం, అలాగ."

"మరి ఆ పక్కది?"

"ఎనిమిది సార్. రేపు లైట్లున్నదో, కాళ్లు ముడుచుకునేదో కొంటారనుకోండి..."

"రేపు కొనేదానికి ఇవాళ ఎందుకయ్యా డబ్బులు? ముందు అన్నీ తియ్యి. పట్టుకుని చూడాలి."

అన్నీ తీశాడు. పరుపులాయన ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టి బరువు చూశాడు. కళ్లు మూసుకుని స్టిక్కులు కదిపాడు. చెవి దగ్గర పెట్టుకుని స్విచ్చుల టిక్కుటిక్కు విన్నాడు. పట్టీ మెడలో వేసుకుని అద్దం ముందు నాలుగడుగులు నడిచాడు. ఒకదాని స్టిక్కు గట్టిగా ఉందన్నాడు, ఒకదానిది వదులన్నాడు, మూడోదాని వెనక భాగం చేతికి జారుతోందన్నాడు. రిమోట్లవాడి బల్ల మీద ఖాళీ పెట్టెలు గోడలా లేచాయి.

"సార్, పక్కన ఇంకో బేరం..."

"రెండు చేతులతో వాడే వస్తువు. పట్టుకుని చూడకుండా ఎలా కొంటాను? చూసి కొనడానికి ఇదేమన్నా గోడకి పెట్టే పటమా?"

"మీది పరుపుల దుకాణం కదూ సార్," అన్నాడు రిమోట్లవాడు మెల్లిగా. "ఒకసారి వచ్చాను. బోర్డు చూసి వెళ్లిపోయాను."

ఆ బోర్డు పరుపులాయన స్వయంగా రాయించినది. 'చేత్తో నొక్కి చూడండి. పడుకోరాదు.' పడుకుంటే ప్లాస్టిక్ కవరు నలుగుతుంది. కవరు నలిగిన పరుపుకి బేరమాడతారు. అంతకంటే ముఖ్యం, పడుకున్నవాడు నిద్రపోతాడు గానీ కొనడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన దుకాణంలో ఒక్కరూ నడుం వాల్చలేదు. ఆయనతో సహా.

"అది వేరు," అన్నాడాయన. "పరుపు అందరికీ తెలిసిన వస్తువు."

ఇంతలో బావమరిది ఒక మెలిక పెట్టాడు. "హెలికాప్టర్‌ను లేపే స్టిక్కు నాకు కుడిచేతి వైపు ఉండాలి బావా. నాకు అలాగే అలవాటయింది."

"నాకు ఎడమవైపు."

"అందుకే సార్, చెరొకటి తీసుకోండి," అన్నాడు రిమోట్లవాడు, ఉదయం నుంచి మొదటిసారి ఉత్సాహంగా.

"ఇద్దరం ఒకేసారి ఎగరేస్తామా? వంతులేసుకుంటాం. ఇద్దరికీ ఒకటి చాలు. వీడు చిన్నవాడు, ఎడమచెయ్యి అలవాటు చేసుకుంటాడు."

బావమరిదికి నలభై రెండేళ్లు.

రిమోట్లవాడు నిట్టూర్చి ఒక నల్లటిదాన్ని ముందుకు జరిపాడు. "ఇద్దరికీ ఒకటే అంటే ఇది తీసుకోండి. ఇరవై హెలికాప్టర్లను గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో పేజీ. మీరు తెచ్చినదాన్ని మొదటి పేజీలో జత చేసి ఇస్తాను. ఇంటి దగ్గర ఉన్నదానికి కొత్త పేజీ తెరవండి. మరిచిపోకండి సార్, కొత్త పేజీ."

పరుపులాయన ఆ మాటల్లో ఇరవై ఒక్కటే విన్నాడు. ఒక రిమోట్ ధరను ఇరవైతో భాగిస్తే ఎంత తక్కువ పడుతుందో మనసులో చూసుకుని, మురిసిపోయి, కొనేశాడు.

దుకాణానికి తిరిగొచ్చేసరికి ఓనరమ్మ రావడానికి ఇంకా వ్యవధి ఉంది. భార్య గల్లా దగ్గర కూర్చుని ఉంది. పరుపులాయన ఇంటి నుంచి తెప్పించిన రెండో హెలికాప్టర్‌ను గల్లా బల్ల మీద పెట్టి, రిమోట్ తెర మీద కొత్త పేజీ తెరిచాడు. ఆ పేజీ పేరడిగింది. రకం అడిగింది. బ్లేళ్ల కోణం అడిగింది. ఏ స్విచ్చుకి ఏ పనో అడిగింది. బ్యాంకులో ఖాతా తెరవడమే నయమనిపించింది.

"రెండూ ఒకే కంపెనీ, ఒకే రంగు. ఒకే కాన్పులో పుట్టిన కవలలు," అన్నాడాయన. "అక్కడ అన్నీ నింపి ఉన్న పేజీ ఉండగా మళ్లీ ఇంకోటెందుకు?"

"కొత్త పేజీ అని రెండుసార్లు చెప్పాడు బావా."

"చెబుతాడు. ఇరవై ఉన్నాయని గొప్పకి చెప్పుకున్నాక మనచేత రెండన్నా వాడించకపోతే వాడి పరువేం కావాలి?"

రెండో హెలికాప్టర్‌ను కూడా మొదటి పేజీలోనే జత చేశాడు. దాని పొట్ట కింద లైటు మిణుకుమిణుకుమని, నిలకడగా వెలిగింది. "చూశావా," అన్నాడు పరుపులాయన. పని సగం ఖర్చులో అయినప్పుడు ఆయన మొహంలో వచ్చే వెలుగు ఆ లైటుకంటే ఎక్కువ.

మొదటి వంతు ఎవరిదన్న చర్చ జరగలేదు. రిమోట్ మెడలో వేసుకుని, తన హెలికాప్టర్ చంకన పెట్టుకుని ఆయన డాబా మెట్లెక్కాడు. "ఓనరమ్మ వచ్చేలోపల ఒక్క చుట్టు తిప్పి వచ్చేస్తా. నువ్వు ఖాళీగా కూర్చోకుండా నీదాని బ్యాటరీ తీసి, మళ్లీ తగిలించి సరిగా ఉందో లేదో చూసుకో," అని వెళుతూ వెళుతూ ఒక ఆజ్ఞ కూడా పడేశాడు.

డాబా మీద నీళ్ల ట్యాంకు, తీగల మీద ఆరేసిన దుప్పట్లు తప్ప ఎవరూ లేరు. ఫోను పిట్టగోడ మీద పెట్టి, హెలికాప్టర్‌ను మధ్యలో దించి, లేపే స్టిక్కును ముందుకు నెట్టాడు. బ్లేళ్లు గిర్రున తిరిగాయి. హెలికాప్టర్ లేచింది. లేచి, ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా, గాల్లో మేకు కొట్టి తగిలించినట్టు నిలబడింది. పరుపులాయన గుండె కూడా దానితోపాటే లేచి అక్కడే ఉండిపోయింది. జీవితంలో ఏదీ ఆయన చెప్పినమాట ఇంత చక్కగా వినలేదు.

ఫోను మోగింది. రెండు చేతులూ స్టిక్కుల మీద ఉన్నాయి. వంగి ముక్కుతో నొక్కాడు. రెండోసారి కూడా ముక్కుతోనే స్పీకరు నొక్కాడు.

"ఏమండీ, దించండి దాన్ని," అంది భార్య.

"ఎగిరిందే."

"తెలుస్తోంది. ఓనరమ్మగారు ముందే వచ్చేశారు. ఆవిడ నెత్తిమీద ఉంది."

పరుపులాయన చూశాడు. హెలికాప్టర్‌కీ దుప్పట్లకీ మధ్య ఏ నెత్తీ లేదు. "ఇక్కడ ఎవరూ లేరే."

"అక్కడ కాదు. ఇక్కడ, దుకాణంలో."

ఆయన లెక్క వేశాడు. తన హెలికాప్టర్ తన కళ్ల ముందే ఉంది. కాబట్టి కింద ఎగురుతున్నది రెండోది. అది ఎగరాలంటే ఎవరో ఎగరేయాలి. ఎగరేయాలంటే రిమోట్ కావాలి. ఉన్న ఒక్క రిమోట్ తన మెడలో వేలాడుతోంది. కాబట్టి బావమరిది తనకు తెలియకుండా ఇంకోటి కొన్నాడు, అదీ లేపే స్టిక్కు కుడిచేతి వైపున్నది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అందుకే అంత ధీమాగా తప్పుదారి పట్టాడు.

"ఫోను వాడికివ్వు," అన్నాడు.

"బావా, ఆపండి," అన్నాడు బావమరిది ఆయాసపడుతూ.

"ఆపాల్సింది నువ్వురా. ఎప్పుడు కొన్నావు?"

"ఏమిటి కొనేది?"

"నా వెనకాల రెండో రిమోట్. నేను ఇంకో బ్రాండు స్విచ్చులు వింటున్నప్పుడేనా?"

"నా చేతిలో చీపురు తప్ప ఏమీ లేదు బావా. దీన్ని కొడదామంటే అందడంలేదు. అదిగో, ఎడమవైపు పోయింది."

ఆ క్షణానికి పరుపులాయన కూడా తనదాన్ని ఎడమవైపుకే జరిపాడు. వీడూ బాగానే ఎగరేస్తున్నాడే అనుకున్నాడు. ఓనరమ్మ ముందర, తన దుకాణంలో, తనను మించి ప్రతాపం చూపిస్తాడా? చూపించమను. పైన అంతకు మించినది జరుగుతుంది. స్టిక్కు వాల్చి హెలికాప్టర్‌ను గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు. అద్భుతంగా తిరిగింది.

ఫోనులోంచి ప్లాస్టిక్ కవర్లు టపటపలాడిన చప్పుడు, ఏదో భళ్లుమన్న చప్పుడు వచ్చాయి.

"ఇప్పుడు చుట్లు తిరుగుతోంది బావా."

"తిప్పేవాడివి నువ్వే, నాకు చెబుతావేం?"

"ఓనరమ్మగారు గొడుగు తెరిచారు."

"దుకాణంలో వానేమిట్రా?"

"వాన కాదు. కొప్పు కాపాడుకుంటున్నారు. బయటికి వెళ్లి కుర్చీలాయనకి ఫోన్ చేస్తానంటున్నారు. ఇది తలుపు దగ్గరే తోక ఊపుతూ అడ్డంగా నిలబడింది, వెళ్లనివ్వడంలేదు."

కుర్చీలాయన మాట వినగానే పరుపులాయనకి హాలు కళ్ల ముందే కుర్చీలతో నిండిపోయింది. "అయితే దించి చావరా."

"నేనెలా దించను? మీరే దించండి."

"నాది దించితే నీది దిగుతుందా?" అన్నాడు వెటకారంగా.

అన్నాక, ఆ ప్రశ్న ఆయన చెవిలోనే కాసేపు తిరిగింది. హెలికాప్టర్‌ను కొంచెం పైకి లేపాడు.

"లేచింది," అంది ఫోను.

కొంచెం దించాడు.

"దిగింది."

తోకను కుడివైపుకి తిప్పాడు.

"ఇటు తిరిగింది. నన్నే చూస్తోంది బావా."

పరుపులాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకే పేజీలో ఉన్న కవలలు ఒకే మాట వింటున్నాయి. ఆయన పైన ఏది చేసినా కింద అది జరుగుతోంది. ఇప్పుడు కళ్ల ముందున్నదాన్ని చూసుకుంటూ దించితే, కింద కనబడనిది ఎవరి నెత్తిన దిగుతుందో తెలియదు. మోటారు ఆపేస్తే అది రాయిలా పడుతుంది.

"ఒరేయ్, అందర్నీ పడుకోమను. తలెత్తి ఎవరూ ఉండొద్దు."

"కిందా? దారంతా గాజు పెంకులు. గోడ గడియారం పడింది."

"పరుపుల మీద పడుకోండి."

"పరుపుల మీదా? బోర్డు..."

"బోర్డు సంగతి తర్వాత. ఓనరమ్మగారిని ముందు పడుకోబెట్టు."

కవర్లు కిర్రుకిర్రుమన్నాయి. ఎవరో మూలిగారు. వీధిలో పోతూ గోల విని లోపలికొచ్చిన ఇద్దరిని కూడా భార్య కేకలేసి పడుకోబెట్టింది. తర్వాత ఫోను తనే అందుకుంది.

"నేను చెబుతాను. నాకు కనబడుతోంది. కొంచెం ఇటు తీసుకురండి."

"ఇటంటే ఎటు?"

"గల్లా వైపు."

"గల్లా దానికి ఎడమా, కుడా?"

"నేను వెల్లకిలా పడుకున్నానండీ. నాకు అన్నీ తిరగబడి ఉన్నాయి. మెల్లిగా ఎటో ఒకటి కదపండి, చెబుతాను. ఆ, అటే. ఇంకొంచెం. అదిగో, నా కాళ్ల మీదికొచ్చింది. ఇంకాస్త ముందుకి."

పరుపులాయన కళ్లు మూసుకున్నాడు. తెరిచి ఉంటే తన హెలికాప్టర్ మీదికే చూపు పోతోంది. నెల రోజులు ఎదురుచూసి, ఐదు నిమిషాలు కూడా ఎగరేసుకోని తన సొంత హెలికాప్టర్ ఎటు పోతోందో చూడకుండా, భార్య గొంతునే పట్టుకుని స్టిక్కులు కదిపాడు. పెళ్లయ్యాక ఆయన ఆవిడ మాట ఇంత పొల్లుపోకుండా వినడం అదే మొదలు.

"ఇప్పుడు దించండి. దించండి. మెల్లిగా. ఆ, పడుకుంది."

స్విచ్చు నొక్కి మోటారు ఆపాడు. కళ్లు తెరిచాడు. తన హెలికాప్టర్ తడి దుప్పట్లో చుట్టుకుని, తీగ మీంచి జారి, ట్యాంకు గొట్టానికి వేలాడుతోంది. దుప్పటి కొసన విరిగిన బ్లేడు ఒకటి. దాన్ని అక్కడే వదిలేసి మెట్ల మీద దూకుతూ దిగాడు.

దుకాణంలో ఆయన చూసిన దృశ్యం అంతకుముందు ఎవరూ చూడనిది. దొంతరకొకరు చొప్పున మనుషులు పడుకుని ఉన్నారు. కవర్లన్నీ నలిగి ఉన్నాయి. బావమరిది చీపురును గుండెల మీద పెట్టుకుని ఉన్నాడు. వీధిలోంచి వచ్చినవాళ్లిద్దరిలో ఒకడు అప్పటికే కళ్లు మూశాడు. హెలికాప్టర్ ఒక పరుపు నడిమధ్యన, ఇంటికొచ్చిన అల్లుడిలా దర్జాగా కూర్చుని ఉంది. గుమ్మం పక్కన, అన్నిటికంటే చవక పరుపు మీద, గొడుగు పట్టుకుని ఓనరమ్మ.

"అమ్మగారూ, తప్పయిపోయింది. ప్రమాదం దాటిపోయింది, లేవండి," అన్నాడు పరుపులాయన చేతులు నలుపుకుంటూ.

"ఉండవయ్యా," అంది ఓనరమ్మ.

ఆయన ఉన్నాడు. ఆవిడ గొడుగు ముడిచింది. ఈ పక్కకి తిరిగింది. ఆ పక్కకి తిరిగింది. మళ్లీ వెల్లకిలా పడుకుంది.

"ఇదేం పరుపు?"

"అది మామూలుదండీ. హాస్టళ్లకి వేసేది. మీలాంటివారికి కాదు."

"పోయినేడు నాకిచ్చినది?"

"అది అన్నిటికంటే పైరకం అండీ."

"దాని మీద పడుకున్న రోజు నుంచి నా నడుం నాది కాదు. ఇప్పుడే తిరిగొచ్చింది."

"అప్పుడు మీరే చూసి తీసుకున్నారు కదండీ," అన్నాడు పరుపులాయన, చావు తప్పించుకునే గొంతుతో.

"చేత్తో నొక్కి చూడమన్నావు, నొక్కాను. నేనేమన్నా చేతుల మీద పడుకుంటానా?"

పరుపులాయనకి తను పొద్దున ఇంకో దుకాణంలో పట్టీ మెడలో వేసుకుని అద్దం ముందు నడిచిన నడక గుర్తొచ్చి, చెవులు వేడెక్కాయి.

"నిజం చెప్పనా," అంది ఓనరమ్మ, లేవకుండానే. "ఇవాళ హాలు ఇవ్వనని చెప్పడానికే వచ్చాను. నడుం విరగ్గొట్టిన మనిషికి ఎవరన్నా హాలిస్తారా?"

"మరి ఇప్పుడు?"

"ఇస్తాను. కానీ ఆ బోర్డు హాల్లోకి రాకూడదు. వచ్చినవాళ్లు ఎంతసేపు కావాలంటే అంతసేపు పడుకుని చూసి కొనుక్కోవాలి. నా పరుపు నువ్వు వెనక్కి తీసుకుని ఇది నాకివ్వాలి."

పరుపులాయన మనసులో ఖరీదైన పరుపు ఒకటి వెనక్కి వచ్చింది, హాలు ఒకటి ముందుకు వచ్చింది. కూడికలు తీసివేతలు చేసి చూస్తే హాలే బరువుగా ఉంది. "అలాగేనండీ. మరి మీకు గోల, గందరగోళం పడవన్నారు..."

"పడుకున్నాక ఏమీ వినబడలేదు," అంది ఓనరమ్మ.

వీధిలోంచి వచ్చిన రెండోవాడు మోచేతి మీద లేచి, తను పడుకున్న పరుపు ధర అడిగాడు. మొదటివాణ్ణి లేపి, కొంటావా అని అడగాల్సి వచ్చింది.

మర్నాడు పరుపులాయన రెండో రిమోట్ కొనడానికి వెళ్లాడు. అదే రకం, అదే రంగు, కాకపోతే లేపే స్టిక్కు కుడిచేతి వైపు. ఏదీ పట్టుకుని చూడలేదు, పెట్టె కూడా తెరవనివ్వలేదు. రిమోట్లవాడు "కొత్త పేజీ తెరిచారా సార్?" అని మాత్రం అన్నాడు. పరుపులాయనకి వినబడలేదు. అలాగే వెళ్లిపోతే బాగుండదని, హాలు తెరిచే రోజుకి తప్పకుండా రమ్మని పిలిచాడు. ఎన్ని పరుపుల మీదైనా పడుకుని చూడొచ్చని కూడా చెప్పాడు. వ్యాపారంలో అలాంటి మాట ఎవరితో అంటున్నామో చూసుకుని అనాలి.

హాలు తెరిచిన రోజు రిమోట్లవాడు అందరికంటే ముందే వచ్చాడు. చెప్పులు విప్పి, చొక్కా పై గుండీ సడలించి, మొదటి పరుపు ఎక్కాడు. వెల్లకిలా పడుకున్నాడు, బోర్లా పడుకున్నాడు, కళ్లు మూసుకుని అటూ ఇటూ దొర్లాడు. చెవి ఆనించి స్ప్రింగుల చప్పుడు విన్నాడు. ఒకటి గట్టిగా ఉందన్నాడు, ఒకటి వదులన్నాడు, మూడోదాని అంచు జారుతోందన్నాడు. పక్కదానికి రెండు స్ప్రింగులు ఎక్కువెందుకని అడిగాడు. ఇంకో బేరం ఎదురుచూస్తోందని పరుపులాయన దగ్గితే, రెండు పక్కలా వాడే వస్తువు, పడుకుని చూడకుండా ఎలా కొంటానన్నాడు. మధ్యాహ్నం ఒక కునుకు తీశాడు. దీపాలు పెట్టే వేళకు హాల్లోని పరుపులన్నీ అయ్యాయి.

చివరికి ఒంటి మంచానికి సరిపోయే చిన్న పరుపు ఒకటి తీసుకున్నాడు.

"ఇంట్లో మీ ఆవిడ కూడా ఉంటుంది కదా," అన్నాడు పరుపులాయన.

"ఇద్దరికీ ఒకటి చాలు సార్," అన్నాడు రిమోట్లవాడు. "వంతులేసుకుంటాం."